మూసీ కింది రైతు కడుతున్న మిత్తి

పిల్లాయిపల్లి కాలువ గట్టు మీదికి కొత్తగా పోయినోళ్లు ముందు జేబులో దస్తీ కోసం వెతుకుతారు. అక్కడుండేవాళ్లు వెతకరు. వాళ్ల ముక్కులకు ఆ వాసన అలవాటై చాలా ఏండ్లయింది. కత్వ దుమికిన నీళ్లు దూది మూటల్లెక్క తెల్లటి నురుగు కక్కుతుంటాయి. గాలి వీస్తే ఆ నురుగు లేచి పొలం గట్ల మీద పడుతుంది. నాకు తోవ చూపించిన పెద్దాయన మోకాళ్ల దాకా ఆ నీళ్లలో దిగి మడవ కడుతుంటే ఉండబట్టలేక అడిగాను:

"కాకా, ఈ నీళ్లల్ల దిగితే కాళ్లు దురద పెట్టవా?"

"పెట్టకేం జేస్తయ్ బిడ్డా. మీ పట్నపోళ్లు ఇడిసిన నీళ్లాయె. కడగనీకి అయ్యే పైసలు మీరు వెట్టకపోతిరి. ఆ బాకీ మేం ఒంటితోని కడుతున్నం. అసలు మీది, మిత్తి మాది."

ఆయన చదువుకోలేదు. ఆర్థికశాఖ కాగితాల్లో రెండు వందల పేజీలు తిరగేసినా దొరకని లెక్కను ఒక్క మాటలో చెప్పాడు. ఆ మాటే ఈ వ్యాసానికి ఆధారం.

నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతులు పోయేటట్టు అరిచిన తరం మాది. యూనివర్సిటీ గేటు దగ్గర లాఠీలు తిన్నప్పుడు, 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు ట్యాంక్‌బండ్ ఎక్కినప్పుడు, నీళ్లంటే మా మనసులో కృష్ణా, గోదావరి. మన వాటా ఎన్ని టీఎంసీలు అన్నదే లెక్క. అదే ట్యాంక్‌బండ్ కింద హుస్సేన్ సాగర్ కంపు కొడుతుంటే, కూకట్‌పల్లి నాలా అందులోకి ఏం మోసుకొస్తోందో మాలో ఒక్కరం ఆలోచించలేదు. నీళ్లు అంటే ఇంట్లోకి వచ్చే నీళ్లే అనుకున్నాం. ఇంట్లోంచి పోయే నీళ్లు కూడా నీళ్లేనని, వాటికి కూడా నిధులు కావాలని సోయి లేకపోయింది. నన్ను కలుపుకునే ఈ మాట అంటున్నాను.

ఇంజనీర్లకు ఒక లెక్క ఉంది. ఇంటికి వచ్చిన నీళ్లలో ఎనభై శాతం మళ్లీ మురుగై బయటికి పోతుంది. బిందెడు వస్తే ముప్పావు బిందె కన్నా ఎక్కువే మోరిలో పడుతుంది. మిషన్ భగీరథ కింద పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135, కార్పొరేషన్లలో 150 లీటర్లు ఇవ్వాలని పెట్టుకున్నాం. మంచి పని. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన నల్లగొండను చూసినవాడెవడూ దాన్ని తప్పు పట్టడు. దాని తొలి అంచనాయే నలభై వేల కోట్లు దాటింది. తాగునీటి సరఫరా కార్పొరేషన్ అని ఒకటి పెట్టి హడ్కో, నాబార్డు, బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చాం. నీళ్లు లోపలికి రావడానికి సర్కారు పూచీ పడి వేల కోట్లు తెచ్చింది. ఆ నీళ్లే ఎనభై శాతం బయటికి పోయేటప్పుడు ఎక్కడికి పోవాలి, ఎవరి పైసలతో పోవాలి అన్నది మాత్రం అంత పెద్ద ప్రశ్న కాలేదు. పోయే నీళ్లు ఎటు పల్లం ఉంటే అటు పోతాయి కదా అనుకున్నారు. పట్నానికి పల్లం మూసీ. మూసీకి పల్లం నల్లగొండ.

అనంతగిరి గుట్టల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే దాకా మూసీ ప్రయాణం సుమారు 240 కిలోమీటర్లు. 1908 సెప్టెంబర్ వరదలో పట్నం కొట్టుకుపోయిన తర్వాత నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతో కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ గురించి బడి పిల్లవాడు కూడా చెబుతాడు. కానీ ఆయన వరదతో పాటు మురుగు సంగతి కూడా చెప్పిపోయాడన్నది మనకు పెద్దగా గుర్తులేదు. 1931 నాటి భూగర్భ డ్రైనేజీని 54 చదరపు కిలోమీటర్లకు, నాలుగు లక్షల అరవై ఎనిమిది వేల మంది జనాభాకు లెక్కగట్టి వేశారు. ఆ తర్వాత పట్నం ఎంత పెరిగింది? 2007లో పన్నెండు మున్సిపాలిటీలను, ఎనిమిది పంచాయతీలను కలిపి గ్రేటర్ చేశారు. బోర్డులు ఒక్క రోజులో మారాయి. మోరీలు మారలేదు. అపార్టుమెంటు లేచిన ప్రతిచోటా దాని పాయఖానా పైపు దగ్గర్లోని వాన నీటి నాలాలో కలిసింది, నాలా చెరువులో కలిసింది, చెరువు నిండి మూసీలో పడింది.

2021లో సర్కారే చెప్పిన లెక్క ఇది. గ్రేటర్ పరిధిలో రోజుకు 1,650 ఎంఎల్‌డీ మురుగు పుడుతుంది. ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. అప్పటికి ఉన్న 25 ప్లాంట్లలో శుద్ధి అయ్యేది 772. అంటే సగం కూడా కాదు. మిగిలిన 878 ఎంఎల్‌డీ, దాదాపు ఎనభై ఎనిమిది కోట్ల లీటర్లు, ప్రతి రోజూ ఉన్నదున్నట్టు మూసీలోకి. పండుగ లేదు, ఆదివారం లేదు.

అయితే ఏమీ చేయలేదని కూడా అనలేం. కేంద్రం నదుల పరిరక్షణ పథకం కింద డెబ్బై పైసలు ఢిల్లీవి, ముప్పై పైసలు రాష్ట్రానివి అన్న పద్ధతిలో అంబర్‌పేటలో 339, నాగోలులో 172, అత్తాపూర్‌లో 51, నల్లచెరువు దగ్గర 30 ఎంఎల్‌డీ ప్లాంట్లు వచ్చాయి. 2021లో 31 కొత్త ప్లాంట్లకు 3,866 కోట్లు మంజూరయ్యాయి. మొత్తం సామర్థ్యం 1,259.5 ఎంఎల్‌డీ. కోకాపేట, దుర్గం చెరువు ప్లాంట్లు 2023లోనే మొదలయ్యాయి. 2024లో అమృత్ 2.0 కింద ఇంకో 39 ప్లాంట్లకు 3,849 కోట్లతో అనుమతి ఇచ్చారు. ఒక సర్కారు మొదలుపెట్టింది, ఇంకో సర్కారు కొనసాగిస్తోంది. రెంటికీ రావాల్సిన మెప్పు రావాలి.

కానీ ఇవి ఎవరి పైసలు? శిలాఫలకం మీద మొత్తం రాస్తారు గాని అది అప్పా, గ్రాంటా, పన్నుల సొమ్మా అన్నది రాయరు. ఈ మధ్య మురుగు ప్లాంట్లకు హైబ్రిడ్ యాన్యుటీ అనే పద్ధతి వచ్చింది. నమామి గంగేలో 2017లో హరిద్వార్, వారణాసిలతో మొదలైంది. కట్టేటప్పుడు సర్కారు నలభై శాతం ఇస్తుంది. మిగతా అరవై శాతం కంపెనీయే తెచ్చి పెడుతుంది. తర్వాత సర్కారు ఆ అరవైని మిత్తితో సహా పదిహేనేండ్లు కిస్తుల్లో కడుతుంది. ప్లాంటు సరిగ్గా నడిస్తేనే కిస్తు అన్న షరతు ఇందులో ఉంది కాబట్టి మొత్తానికి చెడ్డ పద్ధతి అనను. కట్టి వదిలేసి పోయే కాంట్రాక్టర్ల కన్నా నయం. మన దగ్గర కూడా ఈ దారే తొక్కుతున్నారు. అయితే ఒక్క మాట మనం గట్టిగా తెలుసుకోవాలి. పేరు ఏది పెట్టినా అది అప్పే. కంపెనీ చేతుల మీదుగా వచ్చిన అప్పు. తీర్చేది మనం.

తీర్చేది మనమే అయినప్పుడు, ఏ ఆమ్దానీలోంచి?

పట్నంలో జలమండలి 1989లో వచ్చింది. నల్లా బిల్లు మీద 35 శాతం మురుగు సెస్సు వేసే పద్ధతి దానిది. అంటే ఎక్కువ నీళ్లు వాడి ఎక్కువ మురుగు వదిలినవాడు ఎక్కువ కట్టాలి. లెక్క సరైందే. 2021 జనవరిలో ఇంటికి నెలకు ఇరవై వేల లీటర్లు ఉచితం అన్నారు. బిల్లు సున్నా అయితే సున్నాలో 35 శాతం ఎంతవుతుందో ఏ విద్యార్థినడిగినా చెబుతాడు. బస్తీలో రెండు గదుల ఇంట్లో ఉండేవాడికి ఉచితం ఇవ్వాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు. కానీ మీటరున్న అపార్టుమెంటులో, కారు కడిగే నీళ్లు కూడా నల్లా నుంచే వచ్చే చోట, మొదటి ఇరవై వేల లీటర్లు ఎందుకు ఉచితం? ఆ ఫ్లాటు మురుగు కడగడానికయ్యే ఖర్చు ఎవరి లెక్కలో పడుతోంది? నురుగు నీళ్లలో మడవ కడుతున్న ఆ కాక లెక్కలో.

చార్జీలు అనగానే మనకు కోపం వస్తుంది. రావడానికి కారణం ఉంది. కరెంటు చార్జీల మీద లేచిన జనాన్ని 2000 ఆగస్టులో బషీర్‌బాగ్‌లో ఎట్లా కాల్చారో మరిచిపోయిన తరం కాదు మనది. ప్రపంచబ్యాంకు షరతు అన్న మాట వింటేనే జెండా పట్టుకునే అలవాటు నాకు కూడా ఉంది. కాలేజీలో ఉన్నప్పుడు యూజర్ చార్జీలకు వ్యతిరేకంగా కరపత్రం రాసినవాణ్నే. ఆ కరపత్రంలో ఒక వాక్యం ఇప్పుడు రాయమంటే రాయను. ఎవరూ కట్టకపోతే ఎవరి మీదా భారం పడదని రాశాను. ఎవరో ఒకరి మీద పడుతుంది. నోరులేని వాడి మీద పడుతుంది. పట్నంలో చార్జీ పెంచితే ధర్నా చౌక్ ఉంది, కెమెరాలున్నాయి. వలిగొండ దగ్గర గడ్డి కోసుకునే ఆడమనిషి చేతికి పొక్కులు వస్తే ఏ కెమెరా పోతుంది?

ఇంకో సంగతి. గ్రేటర్ కార్పొరేషన్‌కు అప్పు పుట్టక కాదు. 2018 ఫిబ్రవరిలో 8.90 శాతం మిత్తికి 200 కోట్ల బాండ్లు అమ్మింది. అదే ఏడాది ఆగస్టులో 9.38 శాతానికి ఇంకో 195 కోట్లు తెచ్చింది. ఆ సొమ్ము పోయింది ఎస్ఆర్‌డీపీకి, అంటే ఫ్లైఓవర్లకు, అండర్‌పాస్‌లకు. మార్కెట్టు మన పట్నాన్ని నమ్మి పైసలిచ్చింది. ఆ నమ్మకాన్ని మనం కారు మీద పెట్టాం, మోరి మీద పెట్టలేదు. ఫ్లైఓవర్ కంటికి కనిపిస్తుంది, రిబ్బన్ కట్ చేయవచ్చు. భూమిలో పదడుగుల లోతున పైపు వేస్తే దాని మీద నిలబడి ఫొటో ఎవరు దిగుతారు?

ఇదంతా పట్నం కథ. పట్నం తన కథ తాను ఎట్లాగో నడిపించుకుంటుంది. పైరవీ చేసేవాళ్లుంటారు, సచివాలయం అక్కడే ఉంది. మరి జిల్లాల్లోని నూరు దాటిన మున్సిపాలిటీల సంగతేమిటి? రాష్ట్రంలో రెండో పెద్ద నగరం వరంగల్‌కే పూర్తి స్థాయి భూగర్భ డ్రైనేజీ లేకుండా ఇన్నేండ్లు గడిచాయి. 2025 నాటి ప్రతిపాదనలో దాని అంచనా నాలుగు వేల కోట్లు దాటింది. అదే వరంగల్ 2016లో సెప్టిక్ ట్యాంకుల మలాన్ని ఎట్లా తీయాలి, ఎక్కడ పారబోయాలి అన్న దాని మీద నిబంధనలు పెట్టి దేశంలోనే మొదటి నగరం అనిపించుకుంది. ఆ గౌరవం నిజమైందే. కానీ లారీ మోసుకుపోయేది సెప్టిక్ ట్యాంకులో పేరుకున్న మడ్డినే. స్నానం నీళ్లు, బట్టల నీళ్లు, వంటింటి నీళ్లు ఇప్పటికీ తెరిచిన మోరిలోనే. వానాకాలం హాస్టల్ వెనక ట్యాంకు పొంగితే ముక్కు మూసుకుని క్లాసుకు పోయిన విద్యార్థి మిత్రులకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

చిన్న పట్టణానికి బ్యాంకు అప్పియ్యదు. ఇచ్చినా తీర్చే శక్తి దానికి లేదు. ఆస్తి పన్ను వసూళ్లు సిబ్బంది జీతాలకు, కరెంటు బిల్లులకు సరిపోతే గొప్ప. కేంద్రం 2023 బడ్జెట్‌లో పట్టణ మౌలిక వసతుల నిధి అని ఒకటి పెట్టింది. ఏటా పది వేల కోట్లు, నేషనల్ హౌసింగ్ బ్యాంకు చేతిలో. మిత్తి బ్యాంకు రేటు కన్నా ఒకటిన్నర శాతం తక్కువ. మురుగు పనులకు కూడా ఇస్తారు. వినడానికి బాగుంది. కానీ తీర్చాల్సింది ఏడేండ్లలో, అందులో మొదటి రెండేండ్లు వెసులుబాటు. అంటే అసలు మొత్తం అయిదు కిస్తుల్లో కట్టాలి.

ఈ గడువు ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఒక ఊహా లెక్క వేద్దాం. ఇరవై వేల ఇండ్లున్న పట్టణం. పైపులకు, ప్లాంటుకు కలిపి నూరు కోట్లు. మిత్తి అయిదు శాతం. ఏడేండ్ల పద్ధతిలో అయితే మూడో ఏడు కట్టాల్సింది ఇరవై కోట్ల అసలు, అయిదు కోట్ల మిత్తి. ఇంటికి పంచితే ఏడాదికి పన్నెండున్నర వేలు, నెలకు వెయ్యి దాటుతుంది. ఏ కౌన్సిలర్ ఆ మాట వార్డులో చెప్పి ఇంటికి క్షేమంగా రాగలడు? అదే అప్పు, అదే మిత్తి, ముప్పై ఏండ్లకు పరిస్తే ఏడాదికి ఆరున్నర కోట్లు. ఇంటికి నెలకు 270 రూపాయలు. అందులో సగం ఖర్చు సర్కారు గ్రాంటుగా ఇస్తే 135. భూమిలో వేసిన పైపు ముప్పై ఏండ్లు ఉంటుంది. ముప్పై ఏండ్లు వాడుకునే వస్తువుకు ఏడేండ్లలో అప్పు తీర్చమనడం అన్యాయం. ఇవాళ ఆ ఊళ్లో ఉన్నవాడి మెడ మీద కూర్చుని రేపు వచ్చేవాడికి ఉచితంగా ఇవ్వడం అది. నెలకు వెయ్యికి, 135కు మధ్య తేడా ఇంజనీరింగులో లేదు. అప్పిచ్చే పద్ధతిలో ఉంది.

ఆ పద్ధతి ఇంకోచోట ఎట్లా పెట్టారో చూద్దాం. అమెరికాలో 1972 తర్వాత పట్టణాల మురుగు ప్లాంట్లకు కేంద్రమే పెద్ద మొత్తంలో గ్రాంటు ఇచ్చేది. 1987లో చట్టం మార్చి ప్రతి రాష్ట్రంలో ఒక తిరుగుడు నిధి పెట్టారు. కేంద్రం ఇచ్చిన సొమ్ముకు రాష్ట్రం ఇరవై శాతం కలపాలి. ఆ నిధి నుంచి చిన్న పట్టణాలకు మార్కెట్టు కన్నా తక్కువ మిత్తికి, ఒక్కోసారి మిత్తి లేకుండా అప్పు. గడువు ఇరవై ఏండ్లు. 2014లో దాన్ని ముప్పై దాకా పెంచారు. ఒక ఊరు తీర్చిన కిస్తు ఇంకో ఊరికి అప్పుగా పోతుంది. మన ఆడవాళ్ల పొదుపు సంఘాల లెక్కే, సైజు పెద్దది. ఇప్పటికి పదిహేను వేల కోట్ల డాలర్లకు పైగా ఈ దారిలో పారింది.

అమెరికాను పొగడడానికి చెప్పడం లేదు. అక్కడి అలబామా రాష్ట్రంలోనే రెండు గుంతలున్నాయి, రెండూ మనం చూడాల్సినవి. జెఫర్సన్ కౌంటీ అనే చోట నదుల్లోకి మురుగు వదలొద్దన్న కోర్టు ఒప్పందం కోసం పనులు మొదలుపెట్టి, వాల్‌స్ట్రీట్ బ్యాంకులు చెప్పిన మిత్తి జూదంలో ఇరుక్కుని, లంచాలు నడిచి, మూడు వందల కోట్ల డాలర్లకు పైగా మురుగు అప్పుతో 2011లో దివాలా తీసింది. అదే రాష్ట్రంలో లోండ్స్ కౌంటీలో పేద నల్లజాతి కుటుంబాలు సెప్టిక్ ట్యాంకు పెట్టుకునే స్తోమత లేక పెరట్లోకే పైపు వదులుకుని బతుకుతున్నాయి. వాళ్ల కోసం 2023లో కుదిరిన ఒప్పందాన్ని 2025లో అక్కడి కేంద్ర సర్కారు రద్దు చేసింది. మొదటిది చెప్పేది, అప్పు మీద నిఘా లేకపోతే మోరి కూడా పేకాట క్లబ్బవుతుందని. రెండోది, అప్పు ఎంత చౌకైనా తీర్చలేనివాడికి అది పథకం కాదని. పేదోడికి గ్రాంటే ఇవ్వాలి.

అంత దూరం ఎందుకు, చెన్నై పక్కన ఆలందూరు ఉంది. తొంభైల చివర అదొక చిన్న మున్సిపాలిటీ. భూగర్భ డ్రైనేజీ కావాలని తీర్మానించుకుని, ఇంటికి అయిదు వేల రూపాయల డిపాజిట్ కట్టమని చైర్మన్, కౌన్సిలర్లు ఇల్లిల్లూ తిరిగారు. జనం ముందు నమ్మలేదు. లెక్కలు చూపించి, సభలు పెట్టి నమ్మించారు. జనం డిపాజిట్లు కొంత, రాష్ట్రం గ్రాంటు కొంత, తమిళనాడు పట్టణాభివృద్ధి నిధి అప్పు కొంత కలిపి సుమారు 34 కోట్లతో పని చేశారు. ఆ పని దక్కించుకుని చేసిన కంపెనీ మన హైదరాబాద్‌దే కావడం ఒక విచిత్రం. ఆ తర్వాత 2002లో తమిళనాడు ఇంకో అడుగు వేసింది. ఒంటరిగా పోతే ఎవరూ అప్పివ్వని పదమూడు చిన్న పట్టణాలను ఒక్క మూటగా కట్టి, వాటి నీటి, పారిశుద్ధ్య పనుల కోసం ముప్పై కోట్ల బాండ్లు అమ్మింది. ముప్పై కోట్లు పెద్ద మొత్తం కాదు. కానీ పదమూడు బలహీనులు కలిస్తే ఒక బలమైన సంతకం అవుతుందని తేలింది. ఉద్యమం చేసినవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు.

మన రాష్ట్రానికి అట్లాంటి నిధి ఒకటి కావాలన్నది నా వాదన. పట్టణాలకు అప్పు తెచ్చిపెట్టే ఆర్థిక సంస్థ మనకు ఇప్పటికే ఉంది. కొత్త బోర్డు, కొత్త చైర్మన్, కొత్త కారు అవసరం లేదు. దానిలోనే మురుగుకు వేరు ఖాతా తెరవాలి. బడ్జెట్ నుంచి ఏటా ఒక మొత్తం అందులో వేయాలి. కేంద్రం నుంచి చౌకగా వచ్చే ఏడేండ్ల అప్పును సర్కారు తన పేరు మీద తీసుకుని, పట్టణానికి ముప్పై ఏండ్లకు ఇవ్వాలి. మధ్యలో పడే తేడాను సర్కారే భరించాలి. వచ్చిన కిస్తులు మళ్లీ మురుగుకే పోవాలి, రైతు భరోసాకో జీతాలకో మళ్లించొద్దు. 2022 నుంచి కార్పొరేషన్ల పేరు మీద తెచ్చి బడ్జెట్ నుంచి తీర్చే అప్పును కూడా కేంద్రం రాష్ట్రం పరిమితిలోనే లెక్కగడుతోంది. కాబట్టి దాచిపెట్టి తెచ్చే అప్పుకు ఇక దారి లేదు. దాచకుండా తెస్తేనే మంచిది కూడా.

ఇక చార్జీ. మీటరున్నోడికి, ఫ్లాటున్నోడికి, హోటలుకు, కార్పొరేట్ ఆసుపత్రికి, మాల్‌కు మురుగు చార్జీ వాడకాన్ని బట్టి వేయాలి. తెల్ల కార్డున్న బస్తీ ఇంటికి కనెక్షన్ ఉచితంగా ఇవ్వాలి, నెల చార్జీ వద్దు. ఉద్యోగ మిత్రులకు ఈ మాట రుచించదు. పీఆర్సీ వచ్చిన చేతితోనే మురుగు బిల్లు కట్టమంటున్నాడేంది అనుకుంటారు. నేను కూడా నెల జీతం మీద బతికేవాణ్నే, నా బిల్లు కూడా పెరుగుతుంది. పెరగనీ.

ప్లాంటు కడితే పనైపోదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్కలో దేశంలో రోజుకు పుట్టే మురుగు 72,368 ఎంఎల్‌డీ. పెట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841. నిజంగా శుద్ధి అయింది 20,236. అంటే కట్టుకున్న దానిలో కూడా మూడో వంతు పైగా ఊరికే ఉంది. పైపు కలపనిది ఒకటి, కరెంటు బిల్లు కట్టనిది ఒకటి. అప్పు తెచ్చి కట్టి నడపకపోవడం కన్నా కట్టకపోవడం నయం, మిత్తయినా మిగిలేది. మనుషుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మ్యాన్‌హోల్‌లో మనిషిని దించొద్దని 2013లో చట్టం వచ్చింది. అయినా దిగి చనిపోతూనే ఉన్నారు. చనిపోయినవాడి కుటుంబానికి ముప్పై లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ప్లాంటు అంచనాలో యంత్రాల ఖర్చు, పర్మినెంటు కార్మికుడి జీతం రాయకపోతే, ఆ మిగులు ఎవడి ఊపిరిలోంచి తీస్తున్నారో అంచనా వేసే ఇంజనీరు ఒక్కసారి ఆలోచించాలి.

మూసీ సుందరీకరణ గురించి రాయకుండా ఈ వ్యాసం ముగిస్తే పాఠకులు ఊరుకోరు. నది ఒడ్డు అభివృద్ధికి కార్పొరేషన్ 2017లోనే పెట్టారు. 2024లో మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో ఇండ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు పడ్డాయి. యాభై అయిదు కిలోమీటర్ల ఒడ్డు మీద ఏమేం కడతారో బొమ్మలు చూశాం. దీపాలున్నాయి, వంతెనలున్నాయి, పడవలున్నాయి. బొమ్మలో నీళ్లు నీలం రంగులో ఉన్నాయి. ఆ నీలం ఎక్కడి నుంచి వస్తుంది? పైన పట్నం మురుగు ఆగితేనే వస్తుంది. వరస తప్పొద్దు. ముందు పైపు, తర్వాత ప్లాంటు, ఆ తర్వాతే దీపం. ముందుగా పేదోడి ఇల్లు పడగొట్టి చివరికి నాలా సంగతి చూద్దామంటే, మురుగు వదిలిన గేటెడ్ కమ్యూనిటీ క్షేమంగా ఉంటుంది, ఆ మురుగు పక్కన బతికిన బస్తీ లేచిపోతుంది.

ఆ కార్పొరేషన్ పరిధి పట్నం అంచుతో ఆగిపోతుంది. నది ఆగదు. ప్రతాపసింగారం, కొర్రెముల, పిల్లాయిపల్లి, వలిగొండ, సోలిపేట దాకా పోతుంది. ఏ ప్లాంటు ఎంత మురుగు తీసుకుంది, ఎంత కడిగి వదిలింది అన్న రోజువారీ లెక్క ఈ ఊళ్ల పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయాలి. మురుగు నిధి మీద పెత్తనం చేసే కమిటీలో ఆ కాలువల కింది రైతులు కూర్చోవాలి. ఏండ్ల తరబడి పరిశోధకులు సీసాల్లో ఆ నీళ్లు, సంచుల్లో ఆ మట్టి తీసుకుపోయారు. ఫలితం ఏమొచ్చిందో ఆ ఊరివాడికి తిరిగొచ్చి చెప్పినవాళ్లు తక్కువ.

చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు చేయగల పని ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో మీ మున్సిపాలిటీకి ఒక దరఖాస్తు పెట్టండి. మా ఊళ్లో రోజుకు ఎంత మురుగు పుడుతోంది, అది ఎక్కడ కలుస్తోంది, దాని కోసం ఇప్పటిదాకా ఎంత అప్పు తెచ్చారు, ఎంత మిత్తికి తెచ్చారు, ఇంకా ఎంత తీర్చాలి అని అడగండి. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు విసుక్కుంటారు, ఒక్కరు మాత్రం నిజమైన కాగితం తీసిస్తారు. అట్లాంటి ఒక్కరు ప్రతి ఆఫీసులో ఉంటారు.

పిల్లాయిపల్లి నుంచి తిరిగొచ్చే ముందు ఆ కాక తన పొలంలో పండిన సన్నబియ్యం ఒక మూట కట్టి ఇచ్చాడు. బండికి కట్టుకుంటుంటే నవ్వుతూ అన్నాడు: "తీస్కపో బిడ్డా. మీ నీళ్లే, మీకే ఇస్తున్న." ఆ మూట మా వంటింట్లో ఉంది. వండాలా వద్దా అని ఇంట్లో వారం రోజుల నుంచి మాట్లాడుకుంటున్నాం.